అవ్వ సోమవారం దొరకదు

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం మా అవ్వ చనిపోయింది. ఆ పొద్దున ఆరాధనకు వచ్చింది. ఎప్పటిలాగే ముందు వరసలో చాప మీద పిల్లల మధ్య కూర్చుంది. ఇంటికి పోయి సంగటి ముద్ద, పప్పు తిన్నది. "రొంచేపు పండుకుంటా, ఎవరన్నా వస్తే లేపు" అని పక్క పోర్షన్ ఆమెకు చెప్పి పండుకుంది. మూడింటప్పుడు ఎవరో ప్రార్థన చేయించుకోవడానికి వస్తే ఆమె పోయి లేపింది. తర్వాత నాకు ఫోన్ చేసింది.

"అవ్వ లేయలేదక్కా. మొకంలో యేమీ తేడా ల్యా. నిద్దరబోతా ఉన్నట్టే ఉండాది."

నేను అప్పుడు ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. చేతిలో ఉన్న దుప్పటి పూర్తిగా మడిచి, బీరువాలో దాని చోట పెట్టి, ఆ తర్వాత కూర్చొని ఏడ్చాను. ఏడుస్తుంటే మధ్యలో ఒకసారి నవ్వు కూడా వచ్చింది. పండుకుంటానని చెప్పి నిజంగా పండుకునే మనిషి మా సంఘంలో ఆమె ఒక్కతే. మిగతా అందరం కాసేపు నడుం వాలుస్తామని చెప్పి, ఆ కాసేపట్లో ఇంకో పని చేసుకునేవాళ్లమే.

అవ్వ నాకు చుట్టం కాదు. చిత్తూరులో మా సంఘానికి స్త్రీ పరిచారకురాలు. ఇల్లిల్లూ తిరిగి, జబ్బుపడిన వాళ్ల పక్కన, బాలింతల పక్కన, కొడుకు మాట వినడం లేదని ఏడ్చే తల్లుల పక్కన కూర్చొని ప్రార్థన చేయడం ఆమె పని. నేను పెళ్లయి ఈ ఊరికి వచ్చేటప్పటికే ఆమె తల నెరిసి ఉంది. పిల్లల దగ్గరి నుంచి పాస్టరు అయ్యగారి దాకా అందరికీ అవ్వే. చేతిలో ఎర్రటి వైరు బుట్ట, అందులో వాక్యపు పుస్తకం, కళ్లజోడు, నీళ్ల సీసా, ఆకలైతే తినడానికి బెల్లంతో కాల్చిన నాలుగు నిప్పట్లు. ఆమె ప్రార్థన చాలా చిన్నది. "దేవునికి తెలిసిన సంగతే మళ్లీ ఆయనకు ఎందుకు సెప్పేది, ఆయన ఇసుక్కోడా" అనేది. ప్రార్థన అయ్యాక మాత్రం వెంటనే లేచేది కాదు. ఆ ఇంట్లో ఊరికే కూర్చునేది. వాళ్లు బియ్యం ఏరుతుంటే ఆమె కూడా ఏరేది. పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే పోయి గీతల గురించి వాళ్లతో వాదించేది.

నేను అట్లాంటి దాన్ని కాదు. నాకు ఏ పనైనా కాగితం మీద గళ్లు గీసి, ఏ గడిలో ఏముందో చూసుకుంటేనే మనసు కుదురుగా ఉంటుంది. నాలుగేళ్ల క్రితం నన్ను స్త్రీల సమాజానికి కార్యదర్శిగా ఎన్నుకున్నారు. మంగళవారం ఇళ్లలో ప్రార్థన కూడికలు, బుధవారం పెద్దాసుపత్రి వార్డులు, గురువారం పాటల సాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం గుడి ఊడ్చి పూలు పెట్టడం, ఆదివారం పొద్దున నుంచి సాయంత్రం దాకా గుడిలోనే. అన్నీ నేను చూసుకునేదాన్ని. మా ఆయన శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లవారుతూనే పోతారు. అప్పట్లో ఇంట్లో ఉండేది నేనూ, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయీ.

ఆ ఏడాది మా అమ్మాయికి వరసగా మూడు ఆదివారాలు కడుపునొప్పి వచ్చింది. నాలుగో ఆదివారం నొప్పి అని కూడా చెప్పలేదు. నేను గుడి నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూనే సింకులో గిన్నెలు చూసి ఏదో అన్నాను. అది పుస్తకం మూసి నా వైపు చూసింది.

"మా, నువ్వు పోయేటప్పుడు బాగానే పోతావు. వచ్చేటప్పుడు అందరి మీదా కోపంగా వస్తావు. దేవుని దగ్గరికి పోయొస్తే ఇట్లయితాదంటే నాకొద్దు. ఇంక నేను రాను."

అది చెప్పింది నిజం. పాటలు పాడుతున్నప్పుడు నేను జనాన్ని లెక్కపెట్టుకునేదాన్ని, అన్నం చాలుతుందో లేదో అని. అయ్యగారు ప్రసంగిస్తుంటే ఫ్యాను ఎందుకు కిర్రుమంటోందో ఆలోచించేదాన్ని. ఎప్పటినుంచో ఆనందం అన్నదే లేదు నాకు. దాని సంగతి ఎవరికీ తెలియదులే అనుకున్నాను. నా బిడ్డకు తెలిసిపోయింది. అది దేవునికి దూరమైతే, ఆ దూరం నడిపించింది నేనే అవుతాను. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి ఖాళీ కూడా లేదు. భయం వేసినప్పుడు నేను చేసే పని ఒకటే, ఇంకో పని నెత్తిన వేసుకోవడం.

అట్లా ఆ వారమే సమాజానికి కొత్త చార్టు తయారు చేశాను. నీలం సిరాతో పేర్లు, ఎర్ర సిరాతో చోట్లు. అవ్వ పేరుకు ఎదురుగా సోమవారం గడి ఖాళీగా కనిపించింది. పాపం, ఎవరూ ఏమీ రాయలేదు కదా అని, మురకంబట్టులో ఐదు ఇళ్ల సందర్శన అని నింపాను. చార్టు గుడి గోడకు అంటించాను. అవ్వ కళ్లజోడు పెట్టుకొని మొత్తం చదివి, "నీ రాత శానా ముచ్చటగా ఉండాదమ్మణ్ణీ" అని వెళ్లిపోయింది.

సోమవారం పది గంటలకు నేను మురకంబట్టులో మొదటి ఇంటి ముందు నిలబడ్డాను. ఆమె రాలేదు. పదిన్నరకూ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. కోపం తలకెక్కి ఆటో ఎక్కి వాళ్లింటికి పోయాను. పక్క పోర్షన్ ఆమె నన్ను వింతగా చూసింది.

"సోమారం గదక్కా. అవ్వ బస్టాండులో ఉంటాది. నీకు తెలీదా?"

నాకు తెలియదు. సంఘంలో సగం మందికి తెలిసిన సంగతి, అన్నీ రాసిపెట్టుకునే నాకు తెలియదు. బస్టాండుకు పోయి చూస్తే, బయలుదేరడానికి సిద్ధంగా ఉన్న పల్లెవెలుగు బస్సులో, కిటికీ పక్కన అవ్వ. చేతిలో వైరు బుట్ట లేదు. రుమాలులో నిప్పట్లు మాత్రం ఉన్నాయి. నేను బస్సెక్కి ఆమె సీటు పక్కన నిలబడ్డాను.

"అవ్వా, సోమవారం మీ పేరు రాసినా కదా. ఆడ ఐదిండ్లోళ్లు కాసుకోనుండారు."

"ఎవురూ కాసుకోనుండరు. మంగళారం వస్తానని పొద్దన్నే అందరికీ ఫోన్ చేసి సెప్పినా. కాసుకునింది నువ్వొక్కదానివే."

"నాకెందుకు చెప్పలేదు మరి?"

"నీకు సెప్తే మంగళారం గడిలో ఇంగోటి రాస్తావు."

వెనక సీటులో ఎవరో కిసుక్కుమన్నారు. నేనింకా మాట్లాడుతూనే ఉన్నాను, బస్సు కదిలింది. కండక్టరు వచ్చి "యాడికక్కా?" అన్నాడు. దిగిపోతానన్నాను. అవ్వ నా మాట పట్టించుకోకుండా "రెండు పెనుమూరు ఇయ్యప్పా" అని, కాళ్లు జరిపి నాకు చోటిచ్చింది.

ఊరు దాటేదాకా నేను బిగుసుకొని కూర్చున్నాను. చివరికి, "ఆ గడి ఖాళీగా ఉన్నిందవ్వా, అందుకే రాసినా" అన్నాను.

"ఖాళీ ల్యా అమ్మణ్ణీ. దాంట్లో దేవుడుండాడు. నీకు కనపడలా, అంతే." నిప్పట్టు విరిచి సగం నా చేతిలో పెట్టింది. "ఆరు దినాలు ఆయన పని మీద తిరగతా. ఆదివారం లోకానికి సెలవు, మనకు పని జాస్తి. అందుకని సోమారం ఆయనతో ఉత్తగా తిరగతా. ఏ బస్సు ముందొస్తే ఆ బస్సు. ఆయనకేం, యాడికైనా వస్తాడు."

"పెనుమూరులో ఏం పని?"

"సెప్తి గదా, పని ల్యా అని."

అది చెరుకు కొట్టే కాలం. పెనుమూరుకు ఇవతలే ఒక చోట గాలిలో వాసన రాగానే అవ్వ లేచి, "ఆపప్పా, దిగాల" అని కేక వేసింది. రోడ్డు పక్కన బెల్లం గానుగ. పెద్ద పెనంలో చెరుకు పాలు కాగి, పాకమై, బుడగలు వేస్తున్నాయి. అక్కడి వాళ్లందరికీ అవ్వ తెలుసు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకొని, ఆరబెట్టిన చెరుకు పిప్పి కుప్ప మీద పోయి కూర్చుంది. పెనం దగ్గరున్న ఆడమనిషి అరిటాకు ముక్క మీద వేడి బెల్లం వేసి తెచ్చి ఇచ్చింది. అవ్వ కళ్లు ఆ ఆకు మీదే ఉన్నాయి. మా అమ్మాయి మూడేళ్లప్పుడు పుట్టినరోజు కేకును అట్లా చూసేది.

నాకూ ఒక ఆకు ఇచ్చారు. నేను చుట్టూ స్పూను కోసం చూశాను.

"ఏం జూస్తావు? వేలితో తీసుకోని నాకు."

"చీర మీద పడుతుందవ్వా."

"పడితే ఉతుకుతావు. నీకు ఉతికేది ఇష్టమే గదా."

వేలు కాలింది. కాలిన వేలిని నోట్లో పెట్టుకున్నాను. ఆ తీపి ఎట్లాంటిదో నాకిప్పటికీ చెప్పడం రాదు. చిన్నప్పుడు మా నాయన గానుగ నుంచి తెచ్చిన వేడి బెల్లం తిన్నాను, అంతే. మధ్యలో ఇన్నేళ్లు పొడి చేసి డబ్బాలో పోసి, మూత మీద పేరు అంటించిన బెల్లమే నాకు తెలుసు. రెండో వేలు ముంచాను. అప్పుడు ఏడుపొచ్చింది. మా అమ్మాయి అన్న మాట మొత్తం ఆ పిప్పి కుప్ప మీదే చెప్పేశాను.

అవ్వ ఆకు నాకడం ఆపలేదు. అంతా విని, "పాపకు కోపం దేవుని మీద కాదు, నీ మొకం మీద" అన్నది. "ఆయన్ను ఆ బిడ్డ యాడ జూస్తాది? నీ మొకంలోనే గదా."

"నేనేం చేసేదవ్వా, ఇన్ని పనులు. ఎవరో ఒకరు చేయాలి కదా."

"నేనూ అట్లనే అనుకుంటి. నీ ఈడులో ఉన్నప్పుడు పెద్దాసుపత్రిలో ఒక ముసలామె పక్కన కూసోని ప్రార్థన మొదలుబెట్టినా. కండ్లు మూసినా, అంతే, నిద్దరబోయినా. లేసి జూస్తే ఆ ముసలామె నా తల మీద సెయ్యి పెట్టి నా కోసం ప్రార్థన చేస్తా ఉండాది. సూదిమందు ఎక్కతా ఉన్న సెయ్యితోనే. 'ఇంటికి పోయి పండుకో తల్లీ, నాకు బాగనే ఉండాది' అనింది. ఆ వారం నుంచి సోమారం పెట్టుకున్నా."

అంతే చెప్పింది. నా బిడ్డ కోసం ప్రార్థన చేస్తానని కూడా అనలేదు. సోమవారం కదా. ఇంకో ఆకు బెల్లం అడిగింది.

సాయంత్రం మా అమ్మాయి బడి నుంచి వచ్చేసరికి నేను ఇంట్లో ఉన్నాను. అరిటాకులో చుట్టి తెచ్చిన బెల్లం దాని ముందు పెట్టాను.

"యాడిదిమా ఇది?"

"పెనుమూరుకు పోయినా."

"ఎందుకు?"

"ఉత్తగా."

అది వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమోనని.

ఆ తర్వాత సోమవారాలు నేనూ అవ్వతో పోయేదాన్ని. సెలవుల్లో అది కూడా మా సోమవారం బస్సు ఎక్కడం మొదలుపెట్టింది. సత్యవేడు దాకా ఒకసారి పోయి, అక్కడ దిగి టీ తాగి, అదే బస్సులో తిరిగొచ్చాము. కిటికీ సీటు కోసం అవ్వా, అదీ పోట్లాడుకునేవాళ్లు. "నువ్వు ఇంగా శానా ఏండ్లు బస్సెక్కుతావు పాపా, నేను ఎన్నిసార్లు ఎక్కుతా? జరుగు" అనేది అవ్వ. మా అమ్మాయి జరిగేది కాదు. "పోయేటప్పుడు నువ్వు, వచ్చేటప్పుడు నేను" అని ఒప్పందం చేసుకునేవాళ్లు. వచ్చేటప్పుడు అవ్వ ఎట్లాగూ దాని భుజం మీద నిద్రపోయేది.

ఒకసారి బస్సులో మా అమ్మాయే అడిగింది. "అవ్వా, గుడికి ఎందుకు రావడం లేదని నన్ను అడగవా?"

"సోమారం నేను పని జెయ్యను. మంగళారం అడగతా."

మంగళవారం అడగలేదు. ఏ మంగళవారమూ అడగలేదు.

మా గుడిలో ప్రతి ఏడాదీ క్రిస్మసుకు పిల్లల నాటకం ఉంటుంది. అందులో అవ్వ గొర్రె వేషం వేసేది. డెబ్బై దాటాక కూడా తెల్ల దుప్పటి కప్పుకొని మోకాళ్ల మీద పాకుతూ వచ్చేది. ఆ ఏడాది ఆమె మోకాళ్లకు ఇబ్బంది అని, నేను ఏదైనా పెద్దామె పాత్ర ఇస్తానన్నాను. "గొర్రెకు మాటలుండవు, పని ఉండదు. ఉత్తగా ఆయన పక్కన కూసోని సూస్తా ఉండొచ్చు. అంత మంచి వేషం ఇంగోటి యాడుంది?" అని ఒప్పుకోలేదు. సాధన రోజు ఇంటికొచ్చి మా అమ్మాయితో, "ఒక్క గొర్రె ఉంటే మంద ఎట్లయితాది పాపా, తోడు రా" అన్నది. అది సిగ్గుపడింది, నవ్వింది, రానన్నది, చివరికి ఇంకో తెల్ల దుప్పటి వెతికింది. అట్లా నా బిడ్డ గుడిలోకి తిరిగి వచ్చింది నాలుగు కాళ్ల మీద. నేను ఆ రోజు జనాన్ని లెక్కపెట్టలేదు. అన్నం చాలిందో లేదో నాకు గుర్తులేదు.

నేను మారిపోయానని చెప్పను. ఇప్పటికీ చార్టులు గీస్తాను. కాకపోతే సోమవారం గడులకు అడ్డంగా ఒక గీత. సమాజంలో కొందరు గొణిగారు. ఒక పెద్దింటివాళ్లు గృహప్రవేశం సోమవారం పెట్టుకొని అవ్వ రావాలంటే, అయ్యగారే, "అవ్వ సోమవారం దొరకదండీ, నేనొస్తాను" అని చెప్పారు. ప్రాణం మీదికొచ్చిన వాళ్ల దగ్గరికి మాత్రం ఏ రోజైనా పోయేది. "వాళ్లకు వారాలు తెలీవు గదా" అని, మరుసటి రోజు సెలవు తీసుకునేది.

నా గీత కూడా చాలాసార్లు చెరిగిపోయేది. ఒక సోమవారం అవ్వకు ఒంట్లో బాగాలేక బస్సు మానుకొని, నాకు ఫోన్ చేసింది.

"ఏం జేస్తా ఉండావు?"

"ఏం లేదవ్వా, ఉత్తగా కూసోనుండా."

"అబద్దం. గిన్నెల సప్పుడు ఇనిపిస్తా ఉండాది."

అటకలు సర్దుతున్నాను అప్పుడు. దిగి, ఆమె ఇంటికి పోయి మధ్యాహ్నం దాకా పక్కన పండుకున్నాను.

అవ్వ ఆదివారం పోయింది కాబట్టి భూస్థాపన సోమవారం వచ్చింది. మా అమ్మాయి ఇప్పుడు తిరుపతిలో డిగ్రీ చదువుతోంది, హాస్టలులో ఉంటుంది. అక్కడ ఆదివారం గుడికి తనే పోతుంది. పొమ్మని నేనెప్పుడూ చెప్పలేదు. కబురు తెలిసి పొద్దున మొదటి బస్సుకే వచ్చేసింది. సమాధుల తోటలో అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టబోయి ఆగారు. "ఇన్నేళ్లలో మనం ఎవరమూ అవ్వను సోమవారం ఏ పనికీ పిలవలేకపోయాం. ఈ రోజు కూడా ఆమె మన మాట వినేటట్టు లేదు" అన్నారు. ఏడుస్తున్న వాళ్లంతా నవ్వారు. మా అమ్మాయి నవ్వు అందరికంటే పెద్దగా వినిపించింది.

ఆ తర్వాతి సోమవారం నేను వరండాలో కాగితాలు ముందేసుకొని కూర్చున్నాను. అవ్వ చూసే ఇళ్లన్నీ ఎవరో ఒకరు పంచుకోవాలి. మంచం పట్టిన వాళ్లున్నారు, ఆలస్యం చేస్తే ఎట్లా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పంచగా పంచగా నాలుగు ఇళ్లు మిగిలాయి. అందరికీ నిండిపోయింది. ఒక్క నా సోమవారమే ఉంది. ఆ వారమంతా ఇంట్లోనే ఉండిపోయిన మా అమ్మాయి గడప మీద తల దువ్వుకుంటూ నన్నే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. సింకులో గిన్నెల గురించి నేను మాట్లాడిన నాడు చూసిన చూపు. పెన్ను గడి మీద పెట్టాను.

అదే సమయానికి మామిడికాయల ట్రాక్టరు ఒకటి మా వీధిలోంచి గుజ్జు ఫ్యాక్టరీకి పోతూ, మా ఇంటి ముందు స్పీడ్ బ్రేకరు చూసుకోకుండా ఎక్కింది. ట్రాలీ ఎగిరి పడింది. వెనక తలుపు సందులోంచి కాయలు దడదడా రోడ్డు మీద రాలాయి. మా వీధి పల్లం. కాయలన్నీ దొర్లడం మొదలుపెట్టాయి. డ్రైవరు వెనక్కి చూసి, చెయ్యి ఊపి, "తీసుకోండక్కా" అని పోయాడు.

నేను ఎప్పుడు లేచానో తెలియదు. పెన్ను యాడ పడిందో తెలియదు. చెప్పులు లేకుండా రోడ్డు మీద ఉన్నాను, కొంగు నిండా కాయలు. ఎదురింటి వాళ్లు గేటు దగ్గర నిలబడి చూస్తున్నారు. మా అమ్మాయి సగం దువ్విన జుట్టుతో నా వెనకే పరుగెత్తుతూ, "మా, ఆడొకటి, ఆ స్కూటరు కింద, నువ్వు అటు పో, నేను ఇటొస్తా" అని అరుస్తోంది. అది పగలబడి నవ్వుతోంది. నా ముడి ఊడిపోయింది. అన్నింటికంటే పెద్ద కాయ ఒకటి మా ఇద్దరికీ అందకుండా, వీధి మధ్యలో నిదానంగా, తనకేమీ తొందర లేనట్టు దొర్లుకుంటూ పోతోంది. దాని వెనకే మేమిద్దరం.